విదేశీ గడ్డ

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పే పంతులును. బడి మహేశ్వరం వైపు ఒక ఊళ్లో, కాపురం శంషాబాద్‌లో. 2012 వేసవి సెలవుల్లో థాయిలాండ్ వెళ్లి ఒక చర్మరోగం తెచ్చుకున్నాను. పంతులుకు థాయిలాండ్‌లో ఏం పని అని మీకు అనుమానం రావచ్చు. అప్పట్లో మా వీధిలో అందరికీ వచ్చింది. అందుకే మొదటి నుంచి చెబుతాను.

విమానాశ్రయం వచ్చి నాలుగేళ్లయిన రోజులవి. జొన్నలు పండే చెలకల్లో తెల్లరంగు వేసిన హద్దురాళ్లు మొలిచాయి. మా వైపు ప్లాట్లు అమ్మని మనిషి లేడు. పాలు పోసే ఆయన అమ్మేవాడు, కరెంటు లైన్‌మన్ అమ్మేవాడు, పెళ్లికి ముహూర్తం పెట్టే అయ్యగారు ముహూర్తంతో పాటు ఒక ప్లాటు కూడా చూపించేవాడు. భూమి షాద్‌నగర్ అవతల ఉన్నా, కందుకూరు అవతల ఉన్నా, కరపత్రంలో మాత్రం "విమానాశ్రయానికి పది నిమిషాలు" అని ఉండేది. నేను ఒకసారి వాచీ చూసుకుంటూ మోటార్ సైకిల్ మీద వెళ్లాను. యాభై నిమిషాలు పట్టింది. ఆ సంగతి మా బావకు చెబితే, "విమానంల పోతె పదే నిమిషాలు, బామ్మర్దీ" అన్నాడు.

బావ అంటే మా అక్క భర్త. నలభై ఏళ్ల దాకా ఎద్దులు, మోటారు, కరెంటు తప్ప మరో మాట మాట్లాడని రైతు. రోడ్డు పక్క పొలం కొంత అమ్మాక తెల్లచొక్కా, తెల్లప్యాంటు, తెల్లబూట్లు వేసి ప్లాట్ల కంపెనీలో చేరాడు. మనసు మంచిది, గొంతు పెద్దది. నన్ను కూడా ఆయనే ఈ పనిలోకి లాగాడు. ప్రభుత్వ ఉద్యోగి వ్యాపారం చేయకూడదు కాబట్టి ఏజెంటుగా నా భార్య పేరు రాయించాను. ఆదివారాలు తెల్లరాళ్ల మధ్య నిలబడి, "ఇక్కడ పార్కు, అక్కడ ఈత కొలను" అని గాలిలో చేయి తిప్పేవాడిని. పిల్లలకు కప్ప జీర్ణవ్యవస్థ చూపించిన చేయి కదా, జనం నమ్మేవారు.

ఆ ఏడు కంపెనీ వాళ్లు, ఎక్కువ ప్లాట్లు అమ్మినవారికి థాయిలాండ్ యాత్ర అని ప్రకటించారు. బావ తన వంతు పూర్తి చేసి, మిగిలినవి నా లెక్కలో, అంటే నా భార్య లెక్కలో వేయించాడు. జాబితాలో ఆమె పేరు వచ్చింది. విమానం టికెట్టు నా పేరున వచ్చింది.

"పేరు నాది, విమానం నీదా?" అంది నా భార్య.

"ఆడోళ్లు ఎవరూ వస్తలేరు. నీకు గాడ తోచది" అన్నాను. ఆమె నా పెట్టె నన్నే సర్దుకోమంది. నేనే సర్దుకున్నాను కాబట్టి తువ్వాలు మరిచిపోయాను. ఇంత కథకూ మూలం అదే.

నారింజ రంగు టీషర్టులు, టోపీలు వేసుకున్న నలభై మందిమి ఐదు రోజులు ఒకే బసలో ఉండి, చుట్టుపక్కలంతా ఒక బస్సులో తిరిగాం. టీషర్టు వెనక కంపెనీ పేరు, దాని కింద "విమానాశ్రయానికి పది నిమిషాలు" అని ఉంది. అక్కడి వాళ్లకు తెలుగు రాకపోవడం మా అదృష్టం. తెలుగువాళ్లు నడిపే హోటల్‌లో మూడు పూటలా పప్పన్నం తిన్నాం. బావ మామిడికాయ తొక్కు సీసాను బంగారంలా మోసుకుని తిరిగాడు.

మా గదిలో రెండు పెద్ద తెల్ల తువ్వాళ్లు హంస ఆకారంలో మడిచి పెట్టారు. నేను ఒకటి తీయబోతే బావ నా చేయి పట్టుకున్నాడు.

"ముట్టకు. మరక పడితె జుర్మానా ఏస్తరు. నా తువ్వాల లేదా?"

ఆయనది ఎర్రగళ్ల నూలు తువ్వాలు. ఐదు రోజులు ఇద్దరం దానితోనే ఒళ్లు తుడుచుకున్నాం, ముఖం తుడుచుకున్నాం, పడవలో తల మీద కప్పుకున్నాం. ఆ ఉక్కపోతలో అది ఒక్కనాడూ పూర్తిగా ఆరలేదు. హంసలు మాత్రం చివరి రోజు దాకా హంసలుగానే ఉన్నాయి.

నాలుగో రోజు పడవలో ఒక దీవికి తీసుకెళ్లారు. పొట్టి నిక్కర్లు వేసుకుని సాయంత్రం దాకా ఇసుకలో కూర్చున్నాం. ఆ ఇసుకలో కంటికి కనిపించనంత చిన్న పురుగులు ఉంటాయట. గదికి వచ్చేసరికి పిక్కలు, తొడల వెనక భాగం ఎర్రటి దద్దుర్లతో నిండిపోయాయి. గోళ్ల కింద ఎన్ని సూక్ష్మజీవులు ఉంటాయో ఏటా తొమ్మిదో తరగతికి బొమ్మ గీసి చెప్పేవాడిని. ఆ గోళ్లతోనే రక్తం వచ్చేదాకా గోకాను. బావ పెట్టె తాళంచెవితో గోక్కున్నాడు.

తిరుగు ప్రయాణంలో నా పిక్క మీద ఒక పొక్కు చిట్లి, రసి కారి, బెల్లం పాకం ఆరినట్టు పసుపు పెచ్చు కట్టింది. బావ విమానంలో ఒకవైపు ఒరిగి కూర్చున్నాడు. ఏమైందంటే, "కిటికీలకెళ్లి చూస్తున్న" అన్నాడు. ఆయన సీటు నడవ పక్కన.

శంషాబాద్‌లో దిగి బయటికి వస్తే బావ మనుషులు ఇరవై మంది బంతిపూల దండలతో నిలబడి ఉన్నారు. పార్కింగ్ దగ్గర వ్యాన్‌కు ఒక ఫ్లెక్సీ కట్టారు. "విదేశీ గడ్డ మీద మన మండలం పేరు నిలబెట్టిన మా అన్నకు ఘనస్వాగతం." పైన బావ ఫొటో, కింద మూలన నాది, ఓటరు కార్డులోంచి తీసింది. మేము అక్కడ పప్పన్నం తిని గోక్కోవడం తప్ప ఏం చేయలేదని వాళ్లకు తెలియదు. నా భార్య మా ఎనిమిదేళ్ల కూతురి చేయి పట్టుకుని దూరంగా నిలబడింది. దండ ఒరిపిడికి మెడ దురద పెట్టింది. అక్కడా గోకాను.

మరునాడు స్నానం చేసి వస్తుంటే నా భార్య పిక్క చూసింది.

"ఏమయ్య, గదేంది కాలుకు?"

"దోమ కుట్టింది."

"దోమ కుడితె పాకం కారుతదా?"

మా అమ్మ వచ్చి చూసి, గంతమంది దండలు వేస్తే దిష్టి తగలదా అని ఉప్పు, మిరపకాయలు దిగదుడిచింది. పక్కింటాయన వేడి చేసిందన్నాడు, సబ్జా నీళ్లు తాగమన్నాడు. ఎదురింటాయన ఏమీ అనలేదు. "థాయిలాండ్ పోయొచ్చినవంట కదా సారూ" అని నా కాలు వైపు చూసి నవ్వాడు, అంతే. ఆ నవ్వు తర్వాత చాలామంది ముఖాల్లో చూశాను. యాత్రలకు వెళ్లి జ్వరంతో వస్తే జనం జ్వరం గురించి అడుగుతారు. థాయిలాండ్ వెళ్లి కురుపుతో వస్తే నడవడిక గురించి అడుగుతారు, అదీ నోటితో కాదు.

పాత బస్టాండు సందులో మా ఆరెంపీ డాక్టరు ఉండేవాడు. ఏ రోగానికైనా సూది వేసే మనిషి. నేను థాయిలాండ్ అనగానే లేచి వెళ్లి తలుపు దగ్గరికి వేశాడు.

"సారూ, నాతోని దాచొద్దు. డాక్టరు దగ్గర, వకీలు దగ్గర దాచొద్దంటరు."

"దాచేదేం లేదు డాక్టర్ సాబ్. ఇసుకల కూసున్న. పురుగులు కుట్టినై. గోకిన."

"ఇసుకల" అన్నాడు ఆయన, తలూపుతూ. "అందరు గట్లనే చెప్తరు."

నడుముకు ఒక సూది వేసి, ఒక మలాం రాసిచ్చాడు. ఆ గొట్టం మీద తామర, దురద, మొటిమలు, నల్లమచ్చలు అన్నిటికీ పనికొస్తుందని రాసి ఉంది. జీవశాస్త్రం చదివినవాడికి ఆ అట్ట చూస్తేనే అనుమానం రావాలి. నాకు ధైర్యం వచ్చింది. రెండు రోజులు రాస్తే ఎరుపు తగ్గింది. మూడో రోజు ఒక పెచ్చు ఉన్నచోట నాలుగు వచ్చాయి. దురదనూ ఎరుపునూ అణచి, లోపల క్రిమిని మాత్రం నిశ్చింతగా భోజనం చేయనిచ్చే మందు అందులో కలిపి ఉందని తర్వాత తెలిసింది. నాలుగో రోజు తొడ వెనక ఒక గడ్డ లేచింది. ముందు శనగగింజంత, తర్వాత రేగుపండంత, ఆ తర్వాత నిమ్మకాయంత. ఎర్రగా, వేడిగా, ముట్టుకుంటే ప్రాణం పోయేలా. ఒళ్లు కూడా కాగింది.

అప్పుడు హైవే పక్కన కొత్తగా కట్టిన పెద్ద ఆసుపత్రికి వెళ్లాం. గుమ్మంలో నీటి ధార, లోపల కాఫీ దుకాణం, గదిలో గడ్డకట్టే చలి. రిసెప్షన్‌లో ఒకమ్మాయి నాలుగు పేజీల పత్రం ఇచ్చింది. అందులో ఒక ప్రశ్న: గత మూడు నెలల్లో మీరు ఉష్ణమండల ప్రాంతాల్లో ఉన్నారా? "పుట్టినప్పటి నుంచి ఉన్నాను" అని రాశాను. ఆ అమ్మాయి అది కొట్టేసి "అవును" అని రాయమంది.

డాక్టరు కుర్రవాడు. విదేశాల్లో చదివి వచ్చినట్టు గోడ మీద పట్టాలు చెబుతున్నాయి. పత్రం చూసి ముఖం గంభీరంగా పెట్టాడు.

"చూడండి మాస్టారూ, మీరు ఉష్ణమండలం నుంచి తిరిగొచ్చిన ప్రయాణికులు. ఇలాంటి వారి విషయంలో మేము చాలా జాగ్రత్తగా ఉంటాం."

"డాక్టరు గారూ, మనం ఇప్పుడు ఉన్నది కూడా ఉష్ణమండలమే కదండీ. కర్కటరేఖ మనకు చాలా పైన, మధ్యప్రదేశ్ మీదుగా పోతుంది."

ఆయన ఒకసారి ఏసీ వైపు చూసి, మళ్లీ నా వైపు చూశాడు. నాకు జ్వరం తలకెక్కిందని అనుకున్నట్టున్నాడు. రాయాల్సిన పరీక్షల్లో మరొకటి చేర్చాడు.

ఆ రోజు నాకు మలేరియా పరీక్ష చేశారు, డెంగీ పరీక్ష చేశారు, ఛాతీ ఫొటో తీశారు, గుండె గీతలు తీశారు, కడుపు మీద జెల్లీ రాసి లోపల చూశారు. కడుపు చూడటానికి వెల్లకిలా పడుకోమన్నారు. నాకు తొడ వెనక గడ్డ ఉందండీ అంటే, "అది డాక్టరు గారికి చెప్పండి సార్, మాది కడుపే" అంది ఆ అమ్మాయి. డాక్టరు గడ్డను ముట్టుకోలేదు, కనీసం ప్యాంటు మడవమనలేదు. సాయంత్రం రిపోర్టులన్నీ ముందు పరచుకుని సంతోషంగా నవ్వాడు.

"అన్నీ నార్మల్‌గా ఉన్నాయండి. అయినా ఒక రెండు రోజులు అడ్మిట్ అయితే అబ్జర్వ్ చేద్దాం."

నా భార్య అప్పటిదాకా కుర్చీలో కూర్చుంది. అప్పుడు లేచింది.

"సారూ, గడ్డ తొడకుంటె గుండె ఫొటో దేనికి? దాన్ని గోడకు కట్టుకోవాల్నా?"

నన్ను చేయి పట్టి బయటికి తీసుకొచ్చింది.

ఇంటికి వెళ్లేసరికి మా అమ్మ గుమ్మంలోనే ఉంది. మా పాప ముక్కు కింద రెండు పొక్కులు, చుట్టూ అదే పసుపు పెచ్చు. అమ్మ తన మోచేయి కూడా చూపించింది. అక్కడా మూడు. బడి తెరిచి వారం కాలేదు, పాపను టీచరమ్మ ఇంటికి పంపించేసింది.

నా భార్య ఒక్కో గదీ తిరిగి చూసింది. బాత్రూం తలుపు వెనక మేకుకు ఎర్రగళ్ల తువ్వాలు వేలాడుతోంది. బావది. పొరపాటున నా పెట్టెలో వచ్చింది. మంచి నూలు తువ్వాలు, ఊరికే ఉందెందుకని అమ్మ దాన్ని మేకుకు తగిలించింది. నేను వచ్చిన నాటి నుంచి ఇంటిల్లిపాదీ దానికే ముఖం తుడుచుకుంటున్నాం.

"గీ తువ్వాల ఎవరిది?"

"బావది."

"గాడ నువ్వేం వాడినవ్?"

నేను ఆ తువ్వాలునే చూపించాను.

"పిల్లలకు పాఠం ఏం చెప్తున్నవయ్యా నువ్వు?" అంది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. దానితో నాకు మరింత సిగ్గు వేసింది.

ఆ వారంలోనే షాద్‌నగర్‌లో ఫంక్షన్ హాల్లో కంపెనీ వాళ్ల సన్మాన సభ జరిగింది. వేదిక మీద బావకు ఎర్ర మఖమల్ గుడ్డ పరిచిన సింహాసనం వేశారు, పెళ్లిళ్లలో వేసే రకం. బావ వేదికెక్కి దాని పక్కన నిలబడ్డాడు. కూర్చోమన్నారు. వద్దన్నాడు. కంపెనీ పెద్దమనిషి స్వయంగా భుజం పట్టి నొక్కబోతే బావ ఒక అడుగు వెనక్కి వేసి మైకు అందుకున్నాడు.

"ప్రజల ముంగట నేను కూసోను! నిలబడుడే నాకు అలవాటు!"

హాలంతా చప్పట్లు. నాకు మాత్రం ఆయన ముఖం మీద చెమట కనిపించింది, ఎడమకాలు మీదే బరువంతా వేసి నిలబడిన తీరు కనిపించింది. ఆ తర్వాత వేదిక మీద పెద్దలకు పెద్ద చిక్కు వచ్చింది. ఏజెంటే నిలబడితే తాము ఎలా కూర్చుంటారు? పెద్దమనిషి లేచాడు. ముఖ్య అతిథి లేచాడు. ఆయన లేస్తే ముందు వరుస లేచింది, దాని వెనక రెండో వరుస. రెండు గంటల సభలో ఆరు వందల కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, జనమంతా వాటి ముందు నిలబడి ఉపన్యాసాలు విన్నారు. మోకాళ్ల నొప్పుల ముసలాయన ఒకాయన గోడకు ఆనుకుని, "గీ మనిషి ఎప్పుడు కూసుంటడు బిడ్డా?" అని నన్ను అడిగాడు. ఎమ్మెల్యే టికెట్టు ఇవ్వాల్సిన మనిషని భోజనాల దగ్గర ఎవరో అంటుంటే విన్నాను. బావ భోజనం కూడా నిలబడే చేశాడు.

జనాన్ని నమ్మించాడు గానీ అక్కను నమ్మించలేకపోయాడు. వారం నుంచి ఆయన బోర్లా పడుకుంటున్నాడు, బట్టలు తానే ఉతుక్కుంటున్నాడు. పెళ్లయిన ఇరవై ఏళ్లలో చొక్కా కూడా పిండుకోని మనిషి. సభ మరునాడు పొద్దున్నే అక్క మా ఇంటికి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. చాయ్ ముట్టలేదు.

"తమ్ముడా, నువ్వు చదువుకున్నోనివి. నాతోని అబద్ధమాడవు. గాడ ఏం చేసిండ్రు మీరు?"

"ఏం చేయలేదక్కా. ఇసుకల కూసున్నం. పురుగులు కుట్టినై."

"గాయినకు ఏడ లేసిందో ఎర్కనా? సెగ్గడ్డ. నాకు చూపిస్తలేడు. తలుపు గొళ్లెం పెట్టుకుని మలాం రాసుకుంటుండు. ఊర్ల ఆడోళ్లు ఏమంటున్నరో ఎర్కనా నీకు?"

"మేమిద్దరం ఒక్క తువ్వాల వాడినం అక్కా. అందుకే ఇద్దరికీ వచ్చింది."

అక్క నన్ను తేరిపార చూసింది. "గంత పెద్ద హోటల్ల తువ్వాల లేదా?"

"ఉండె. రెండుండె. హంసల్లెక్క మడిచిపెట్టిండ్రు. మరక పడితె జుర్మానా అన్నడు బావ."

"అబద్ధమన్నా జర మంచిగ చెప్పు తమ్ముడా" అని అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

అప్పటిదాకా ఈ వ్యవహారం నాకు చిరాకుగా, కొంచెం నవ్వులాటగా ఉంది. అక్క అలా ఏడవడం చూశాక నవ్వు పోయింది. వినడానికి అంత తెలివితక్కువగా ఉన్న నిజాన్ని ఎలా నమ్మించాలో నాకు తెలియలేదు. నా భార్యే అక్క పక్కన కూర్చుని, "వదినా, రేపు అందరం పోదం. సర్కారు దవాఖానల పెద్ద డాక్టరమ్మ ఉన్నదంట. ఆమెనే అడుగుదం. మొగోళ్లు చెప్పింది మనం వినొద్దు" అంది.

మరునాడు ఆరుగురం సిటీ బస్సెక్కాం. నేను, నా భార్య, పాప, అమ్మ, అక్క, బావ. బస్సులో బావకు ఎవరో లేచి సీటిచ్చారు. ప్రజల కోసం నిలబడే మనిషని వాళ్లకు తెలిసినట్టు లేదు. చర్మరోగాల విభాగం ముందు వరుస మెట్ల దాకా ఉంది. రెండు గంటలు నిలబడ్డాం. లోపల డాక్టరమ్మకు యాభై దాటి ఉంటాయి. అద్దాలు ముక్కు మీదికి జారి ఉన్నాయి. మమ్మల్ని వరుసగా నిలబెట్టి, పాప ముక్కు, అమ్మ మోచేయి, నా పిక్క ఒక్క నిమిషంలో చూసింది. బావను తెర వెనక్కి తీసుకెళ్లి చూసి వచ్చింది. నర్సు చేత నా పెచ్చు కింది రసిని దూదిపుల్లకు అద్దించి పరీక్షకు పంపింది.

"ఇంట్ల ఒకే తువ్వాలు వాడుతున్నరా?"

మేము ఆరుగురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆ ప్రశ్న అడిగిన మొదటి డాక్టరు ఆమే.

"మీరేం చేస్తరు?" అని నన్ను అడిగింది.

"గవర్నమెంటు టీచర్ని మేడం."

"ఏం చెప్తరు?"

"జీవశాస్త్రం."

ఆమె అద్దాల పైనుంచి నన్ను చూసింది. "బాక్టీరియా పాఠం ఏ తరగతికి వస్తది?"

"తొమ్మిదికి మేడం."

"మంచిగ చెప్తరా?"

"చెప్తాను మేడం" అన్నాను. ప్యాంటు మడత దించుకున్నాను.

అక్క ఇక ఆగలేకపోయింది. ముందుకు వచ్చి చేతులు జోడించింది. "అమ్మా, కడుపుల దాచుకోకుండ అడుగుతున్న. గిది పాడు రోగమా? గీళ్లు థాయిలాండ్ పోయొచ్చిండ్రు."

డాక్టరమ్మ రాస్తున్న కలం పక్కన పెట్టింది. వెనక అంత వరుస ఉన్నా అక్కను స్టూలు మీద కూర్చోబెట్టి చెప్పింది.

"పాడు రోగం కాదమ్మా, పాడు తువ్వాలు. ఈ క్రిమి మన అందరి చర్మం మీద, ముక్కులో ఎప్పుడూ ఉంటది. ఊరికే ఉన్నంతసేపు ఏం చెయ్యది. గోకి చర్మం చీరితే లోపలికి పోతది. ఆ తడి తువ్వాలతోని ఇంకొకరు తుడుచుకుంటే వాళ్లకు వస్తది. ఈ పాపకు వచ్చింది, మీ అమ్మకు వచ్చింది, వాళ్లు థాయిలాండ్ పోయిండ్రా?"

"లేదమ్మా" అంది అక్క. మెల్లగా ముఖం తేటపడింది. ఆ తేటదనం ఒక నిమిషం నిలిచింది. తర్వాత బావ వైపు తిరిగి, "అయితె నిజంగనే అయిదు దినాలు ఒక్క తువ్వాలనా?" అని అడిగిన గొంతుకు వరుసలో ఉన్నవాళ్లంతా తొంగి చూశారు.

అందరిలో నిరాశపడింది బావ ఒక్కడే. తెర పక్కన నిలబడి, "అంటె మేడం, గిది ఫారిన్ రోగం గాదా? ఈడ గూడ వస్తదా?" అన్నాడు.

"దినాం వంద మందిని చూస్తున్న. ఎవ్వరూ విమానం ఎక్కినోళ్లు కాదు."

నా గడ్డను ఆ రోజే కోసి చీము తీశారు. నేను అరిచిన అరుపుకు బావ బయటికి పోబోతే అక్క చేయి పట్టి ఆపింది. ఆయనదీ కోశారు. అందరికీ మింగే గోలీలు, పైన రాయడానికి ఒక మందు ఇచ్చారు. పోతూ పోతూ బావ అలవాటు కొద్దీ జేబులోంచి విజిటింగ్ కార్డు తీసి డాక్టరమ్మకు ఇచ్చాడు. ఎయిర్‌పోర్టు పక్కన మంచి వెంచరు ఉంది మేడం అన్నాడు. ఆమె కార్డు తీసుకుని, వెనక్కి తిప్పి, దాని మీద రాసింది: గోళ్లు కత్తిరించాలి. ఎవరి తువ్వాలు వారిదే. వేడినీళ్లల్ల ఉతికి ఎండల ఆరెయ్యాలి. గోలీలు తగ్గినా మధ్యల ఆపొద్దు. రాసి కార్డును అక్క చేతికి ఇచ్చింది. అక్క దాన్ని ఇంట్లో బాత్రూం తలుపుకు అంటించింది.

పరీక్షలో మామూలు క్రిమే తేలింది. నాలుగు రోజుల్లో మంట తగ్గితే నేను గోలీలు మానేయబోయాను. నా భార్య నీళ్ల గ్లాసుతో ఎదురుగా నిలబడింది. పది రోజుల్లో పాప ముఖం తేటగా అయింది. బావ సీటు మీద సరిగ్గా కూర్చోవడానికి మూడు వారాలు పట్టింది. ఆ తర్వాత కూడా సభల్లో నిలబడే మాట్లాడేవాడు, ఎందుకంటే అప్పటికి పేరు వచ్చేసింది.

జూలైలో తొమ్మిదో తరగతికి ఆ పాఠం వచ్చింది. ప్రతి ఏడూ చెప్పినట్టు బొమ్మ గీసి చెప్పకుండా, ఆ సారి నా ప్యాంటు మడిచి పిక్క మీది మచ్చ చూపించాను. ఏం జరిగిందో చెప్పాను, హంసల సంగతి కూడా. పిల్లలు బాగా నవ్వారు. నవ్వులు ఆగాక వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచింది.

"సార్, మా చెల్లెకు గిట్లనే ఉన్నై. నాకు గూడ" అని పరికిణీ అంచు కొంచెం ఎత్తింది. రెండు పిక్కల మీద అవే పెచ్చులు. మరొకరు మోచేయి చూపించారు, ఇంకొకరు మెడ. ఆ ఒక్క తరగతిలో ఏడుగురు. వాళ్లలో చాలామంది హైదరాబాద్ కూడా చూడలేదు. విమానాలు రోజూ వాళ్ల బడి మీదుగానే దిగుతాయి, అంతే. వానాకాలం వస్తే పిల్లల కాళ్లకు పుండ్లు ఉంటాయని నాకు తెలుసు. పదకొండేళ్లుగా ఆ కాళ్ల మధ్య నడుస్తూనే పాఠం చెప్పాను. ఒక్కనాడూ వంగి చూడలేదు.

మరునాడు ఆరోగ్య ఉపకేంద్రం నర్సమ్మను వెళ్లి పిలుచుకొచ్చాను. ఆమె పిల్లలందరినీ చూసి, కావాల్సినవారిని పెద్ద దవాఖానకు రాసి పంపింది. బడి కుళాయి దగ్గర సబ్బు పెట్టించాను. మూడు రోజుల్లో అది మాయమైంది. మళ్లీ పెట్టాను, ఈసారి తాడు కట్టి.

ఆ వారం చివర వెనక బెంచీ అమ్మాయి తల్లి పొలం నుంచి నేరుగా బడికి వచ్చింది. కాళ్లకు బురద ఆరలేదు. గేటు దగ్గరే నిలబడి, "సారూ, గీ రోగం థాయిలాండ్‌ల పుడ్తదంట గదా. మా పిల్లలకెట్లొచ్చింది?" అని అడిగింది. నా పాఠం వాళ్లింటికి ఆ రూపంలో చేరింది. నేను మొదటి నుంచి మళ్లీ చెప్పాను. ఆమె ఓపికగా విని, నేను చెప్పిందంతా నమ్మినట్టు కనిపించలేదు గానీ, గోలీలు ఎన్ని పూటలు వేయాలో రెండుసార్లు అడిగి తెలుసుకుని వెళ్లింది.